మా అత్త మైళ్ళ మీద వచ్చిన బావ

ధర్మపురి నరసింహస్వామి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో రాసిన ప్రతి ముక్కా నిజం. నా సంగతి తెలిసినవాళ్ళు ఈపాటికే నవ్వుతుంటారు. కరీంనగర్‌లో నాకో టైల్స్ దుకాణం ఉంది. అక్కడికి వచ్చేవాళ్ళు నేను చెప్పే ధర నమ్ముతారు గానీ, ధర చెప్పాక మొదలుపెట్టే ముచ్చట నమ్మరు. మానేరు డ్యాములో నేను పట్టిన చేపను రెండు ఆటోల్లో ఇంటికి తెచ్చానని చెప్పినప్పటి నుంచి నాకా పేరు. అందుకే ముందే దేవుణ్ణి సాక్షిగా పెట్టాను. ఆయన అసలే స్తంభం చీల్చుకుని వచ్చిన దేవుడు, ఆయన ముందు అబద్ధమాడాలంటే కొంచెం గుండె కావాలి.

నాకు మందు లేదు, పేకాట లేదు. ఉన్న వ్యసనమల్లా పాయింట్లు. హోటళ్ళు, విమానాలు, బ్యాంకు కార్డులు, ఎవరిచ్చినా సరే. దుకాణానికి టైల్స్ లోడు దిగినా, ఇంటికి గ్యాసు బండ వచ్చినా కార్డు మీదే కొంటాను. చుట్టాల పెళ్ళికి హైదరాబాదులో గదులు కావాలంటే అందరూ నాకే చెబుతారు. నేను ఎప్పుడూ ఒకే కంపెనీ హోటళ్ళలో తీసుకుంటాను, అదీ మా అత్త, అంటే నా భార్య వాళ్ళమ్మ పేరు మీద. కొత్తగా చేరినవాళ్ళకు మొదట్లో రెట్టింపు ఇస్తారు. పైగా సభ్యురాలు ఒక గదిలో దిగితే, పక్క గదుల పాయింట్లు కూడా ఆమెకే వస్తాయి. మా ఆదిలాబాద్ అత్త ఏ పెళ్ళీ వదలదు. అలా పెళ్ళి మీద పెళ్ళికి వెళ్ళి, ఆ హోటల్ దృష్టిలో మహారాణి అయిపోయింది. పళ్ళ బుట్టలొచ్చేవి. ఆమె మాత్రం ఒక్కనాడూ మంచమెక్కలేదు. మెత్తగా ఉందని, కింద తివాచీ మీద కొంగు పరుచుకుని పడుకునేది. పొద్దున మడత నలగని దుప్పటి చూసి, ఈవిడ అసలు నిద్రే పోదని హోటల్‌వాళ్ళు భయపడ్డారు.

ఒక పండగకు, హోటల్ పాయింట్లు విమాన మైళ్ళుగా మార్చుకుంటే పైన కొసరు ఇస్తామన్నారు. మామూలుగా విమానంలో ఖాళీ సీటు కంటికి కనబడకుండా మార్చకూడదు. అది నా మొదటి సూత్రం. కానీ కొసరు అనే మాట వింటే కరీంనగర్‌వాడి చెయ్యి ఆగదు. అత్త పాయింట్లన్నీ మైళ్ళయ్యాయి. ఖాతాకు ఆమె ఫోన్ నంబరే పెట్టాల్సి వచ్చింది. అది మీటల ఫోను.

బిజినెస్ క్లాసులో నేను మొదటిసారి దుబాయి వెళ్ళిన ముచ్చట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిందంతా దానివల్లే. ఒక మీట నొక్కితే కాళ్ళు లేచాయి, ఇంకోటి నొక్కితే సీటు చదునుగా నులక మంచంలా పరుచుకుంది. గులాబీ నీళ్ళ తుండు ఇచ్చారు. నేను గురక పెట్టి పడుకుంటే, లేపడం ఇష్టంలేక పైలట్ దుబాయి మీద ఒక చుట్టు ఎక్కువ తిరిగాడు. పెద్దపల్లి దగ్గర మా అక్కవాళ్ళ ఇంట్లో, బావ సెలవు మీద వచ్చినప్పుడు, కల్లు ముంత పక్కన పెట్టుకుని ఈ ముచ్చట చెప్పాను. బావ దుబాయిలోనే సెంట్రింగ్ పని చేస్తాడు.

"మేం ముడుసుకొని పోతం, ముడుసుకొని వస్తం," అన్నాడు బావ. "నువ్వు పండుకొని పోయినవా బామ్మర్దీ? పైలట్ గాడు నీకు జోల పాడలేదా?"

"పాడిండు బావా. నేనే ఆపమన్న."

అందరూ నవ్వారు. మా అక్క మాత్రం నవ్వలేదు. చదునుగా పడుకునే సీటు ఉంటుందన్న ఒక్క మాట ఆమె మనసులో ఉండిపోయింది.

తర్వాతి పత్తి సీజనులో బావ పలక మీద నుంచి జారి నడుము ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేశారు. కాళ్ళలో స్పర్శ ఉంది గానీ, అక్కడి డాక్టరు గట్టిగా చెప్పాడు: విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు బెల్టు కట్టుకుని కాసేపు వాలి కూర్చోవచ్చు, మిగతా దారంతా పడుకునే వెళ్ళాలి, కూర్చుని వెళితే నరం నలిగి కాళ్ళు పడిపోవచ్చు. కంపెనీవాళ్ళు మామూలు టికెట్టు కొని చేతులు దులుపుకున్నారు. స్ట్రెచర్ సంగతి అడిగితే చూద్దామన్నారు. వీసా రద్దయ్యే రోజు మాత్రం చూద్దామనలేదు, ముందే రాసి పెట్టారు.

అక్క పొద్దున్నే బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"తమ్మీ, గా పండుకునే సీటుల మీ బావను తీసుకరా. పాయింట్ల మీద ఉత్తగనే వస్తదంటివి గద."

నేను ఫోను తీశాను. నా ఖాతాలో మైళ్ళు సగానికి కూడా రాలేదు. అత్త ఖాతాలో నిండుగా ఉన్నాయి. వీసా రద్దయ్యే రోజున దుబాయి నుంచి హైదరాబాదుకు రెండు విమానాలు. ఒకటి చిన్నది. దానిలో బిజినెస్ సీటు వెనక్కి వాలుతుందంతే, పరుచుకోదు. చాలామంది మోసపోయేది అక్కడే. బిజినెస్ అన్న పేరు చూసి తీసుకుంటారు, విమానం రకం చూడరు. రెండోది పెద్దది, సీటు మంచమవుతుంది. మైళ్ళకు ఇచ్చే సీట్లు అందులో రెండే మిగిలాయి. ఎవరైనా సరే, ఎప్పుడైనా పట్టుకుపోవచ్చు.

వేరేవాళ్ళకు బుక్ చేయాలంటే ఖాతాదారు ఫోనుకు ఓటీపీ వస్తుంది. అది ఆదిలాబాద్‌లో మోగింది. నా భార్య వాళ్ళమ్మకు ఫోన్ చేసింది.

"అవ్వా, నీ ఫోనుకు నంబరొచ్చింది సూడు. జర చదువు."

"ఎవలే నువ్వు?"

"నీ బిడ్డనే."

"నా బిడ్డ గొంతు లెక్కనే ఉన్నది. అల్లుడు ముందుగాలనే చెప్పి పంపిండు, ఇప్పుడు గొంతులు సుత తయారుచేస్తున్నరట. బిడ్డ అడిగినా చెప్పొద్దన్నడు. ముసల్దాన్ని మోసం చేసేతందుకు సిగ్గులేదానే?"

ఫోను పెట్టేసింది. నా భార్య నా వైపు చూసి, "మంచిగ నేర్పినవ్," అంది.

ఇక నేనే చేశాను. "అత్తమ్మా, నేను అల్లుణ్ణి."

"మా అల్లుడు నాతోటి మాట్లాడడు," అని అటు నుంచి జవాబు. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్.

ఆమె అన్నది నిజమే. మావైపు పాతకాలపు ఇళ్ళల్లో అత్త అల్లుడి ఎదుట పడదు, మాట కలపదు. పెళ్ళయినప్పటి నుంచి మా అత్త నాతో ఏం చెప్పాలన్నా తలుపు చాటునుంచి ఇంకొకరితో చెప్పిస్తుంది. ఫోనులో నా గొంతు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. అత్త దగ్గరే ఉండే నా బావమరిది పత్తి లోడుతో మార్కెట్ యార్డులో ఉన్నాడు, ఫోను ఎత్తడం లేదు. అక్కకు షుగరు పడిపోయింది, నా భార్య ఆమెను వదిలి రాలేదు. నేనొక్కణ్ణే కారు తీశాను.

జగిత్యాలలో టీ కొట్టు దగ్గర ఆగి చూశాను. రెండు సీట్లు. నిర్మల్ దాటేముందు చూస్తే ఒకటి. తర్వాత ఘాట్ రోడ్డు. ముందు పత్తి లారీ ఒకటి ముక్కుతూ మూలుగుతూ ఎక్కుతోంది, దాటడానికి దారి లేదు. ఫోనులో సిగ్నల్ లేదు. పిట్టగోడ మీద కోతులు కూర్చుని నన్నే చూస్తున్నాయి. ఏ ఊళ్ళోనో ఎవరో కాలక్షేపానికి ఫోను తీసి, ఆ మిగిలిన సీటు మీద వేలు పెడుతున్నట్టే అనిపించింది. అలా ఎన్నిసార్లు నేను వేరేవాళ్ళ సీటు మీద వేలు పెట్టి మురిసిపోలేదు?

ఆదిలాబాద్‌లో అత్త ఇంటి ముందు ఆగేసరికి ఆమె అరుగు మీద కందులు చెరుగుతోంది. నన్ను చూసి చేట అక్కడే వదిలేసి, కొంగు తల మీదికి లాక్కుని లోపలి గది తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. ఇంట్లో మూడో మనిషి లేరు. గడప మీద పిల్లి ఉంది.

"పిల్లీ," అంది అత్త తలుపు చాటునుంచి. "అల్లుడు ఒక్కడే వచ్చిండేంది? బిడ్డ పానం మంచిగున్నదా అడుగు."

ఫోను చూశాను. ఒక సీటు ఇంకా ఉంది. నేనూ పిల్లికే చెప్పాను.

"మంచిగున్నది పిల్లీ. అత్తమ్మ ఫోను కావాలె. జల్ది."

"ముందుగాల నీళ్ళు తాగమను."

"పిల్లీ, మా బావ నడుమిరిగింది. కూసొని వస్తే కాళ్ళు పడిపోతయని డాక్టరన్నడు. పండుకొని వచ్చే సీటు ఒక్కటే ఉన్నది. అది అత్తమ్మ మైళ్ళల్ల ఉన్నది. పొద్దుగాలసంది అందుకే ఫోన్లు."

"పిల్లీ, పొద్దుగాల మాట్లాడింది నిజంగ నా బిడ్డనేనా?"

"నిజంగ బిడ్డనే."

"అయ్యో. సిగ్గులేదానే అంటిని."

ఫోను ఆన్ చేసిన చప్పుడు వినిపించింది. నేను ఓటీపీ పంపమని నొక్కాను. ఆమెకు ఇంగ్లీషు రాదు, అంకెలు వస్తాయి, పత్తి తూకం చూసిన కన్ను. ఒక్కో అంకె పిల్లికి చదివి చెప్పింది. కొట్టాను. తప్పన్నారు. మళ్ళీ పంపించాను, మళ్ళీ చదివింది, అవే అంకెలు. పొద్దున వచ్చిన పాతదే చదువుతోందని నాకు వెలిగేసరికి కొట్టేశాను. ఇంకొక్కసారి తప్పితే ఖాతాకు తాళం పడుతుందని తెర మీద ఎర్రగా వచ్చింది.

"పిల్లీ, ఇంకొక్కసారి తప్పితే సీటు పోయినట్టే," అన్నాను.

తలుపు కిర్రుమంది. అత్త బయటికి వచ్చింది. కొంగు తల మీదే ఉంది, కళ్ళు నేల మీదే ఉన్నాయి. కానీ ఎదురుగా నిలబడి ఫోను నా చేతిలో పెట్టింది.

"పట్టు అల్లుడా. నువ్వే సూసుకో. మనిషి కాళ్ళ ముచ్చట, గిప్పుడు ఏం సాటు?"

ఆమె నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. ఆ ఫోనులో మెసేజీల పెట్టె నిండిపోయి ఉంది. కొత్తది వచ్చే చోటే లేదు. అన్నీ హోటల్‌వాళ్ళు పంపినవే, ఆమె ఒక్కటీ తెరవలేదు: పుట్టినరోజు శుభాకాంక్షలు, పండగ శుభాకాంక్షలు, మీకోసం గది ఎదురుచూస్తోందన్న పిలుపులు. వాటన్నిటినీ తీసేశాను. మళ్ళీ పంపమన్నాను. ఫోను గుర్రుమంది. అంకెలు ఒకటికి రెండుసార్లు సరిచూసి కొట్టాను. తెర తెల్లబడి చక్రం తిరుగుతూ ఉంది, తిరుగుతూనే ఉంది. బావ పేరుతో టికెట్టు వచ్చింది.

అక్కకు ఫోన్ చేశాను. ఆమె ఏడవలేదు, ఒకటే అడిగింది.

"తమ్మీ, నిజంగ చదునుగనే పరుసుకుంటదా? నువ్వు పండుకొని సూసినవ్ గద?"

అత్త నా ఎదురుగానే ఉంది. పిల్లి కూడా నన్నే చూస్తోంది.

"పండుకున్న అక్కా," అన్నాను.

విమానం వచ్చే మధ్యాహ్నం అంబులెన్స్ మాట్లాడుకుని, అక్కా నేనూ శంషాబాద్‌లో నిలబడ్డాం. ఆఖరి గడియలో పెద్ద విమానం బదులు చిన్నది పంపిస్తుంటారని నాకు తెలుసు, అక్కకు తెలియదు. పంపితే బావ ఆ దారంతా కూర్చునే వస్తాడు. నాకు బోర్డు మీద అక్షరాలు ఆనలేదు. అక్క మాత్రం, "నువ్వు పోయినప్పుడు గులాబీ నీళ్ళిచ్చిరంటివి. మీ బావకు సుత ఇస్తరా?" అని అడుగుతూనే ఉంది. ఇస్తారన్నాను.

చక్రాల కుర్చీని వెనక్కి వాల్చి తీసుకొచ్చారు. నేను బావ మొహం చూడలేదు, కాళ్ళు చూశాను. మేజోళ్ళలో బొటనవేలు కదిలింది. మళ్ళీ కదిలింది. అక్క వంగి ఆ వేలు పట్టుకుంది.

అంబులెన్స్‌లో పడుకోబెట్టాక, అక్క డ్రైవరుతో మాట్లాడుతుంటే బావ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"బామ్మర్దీ, మంచిగ పరుసుకున్నది. దారి పొడుగూత పండుకునే వచ్చిన."

"చెప్పిన గద బావా."

"కాళ్ళు యాడ పెట్టుకున్నవ్ నువ్వు?"

"అంటే?"

"ముంగటి సీటు కింద పెట్టె లెక్క సందు ఉంటది. కాళ్ళు అండ్లకే పోవాలె. పొడుగోన్ని, నాకు మోకాళ్ళు తాకినయ్. ఒక్కసారి ఎక్కినోడు ఎవడైనా ముందుగాల గా సందు ముచ్చటే చెప్తడు. నువ్వు పైలట్ ముచ్చట చెప్పినవ్, గులాబీ నీళ్ళ ముచ్చట చెప్పినవ్. సందు ముచ్చట ఎన్నడు చెప్పలే."

నేను ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్దాను.

"మీ అక్కకు చెప్పకు," అన్నాడు బావ. "నువ్వు పండుకున్న సీటని ధైర్యంగ ఉన్నది."

ఇప్పుడు బావ కర్ర పట్టుకుని నడుస్తాడు. వచ్చినవాళ్ళందరికీ తన విమానం ముచ్చట చెబుతాడు. అందులో పైలట్ హైదరాబాదు మీద ఒక చుట్టు ఎక్కువ తిరుగుతాడు. మా అత్త నాతో మళ్ళీ పిల్లి ద్వారానే మాట్లాడుతోంది. ఆమె ఖాతాలో మైళ్ళు అయిపోయాయి. మళ్ళీ పెళ్ళిళ్ళ ముహూర్తాలు చూస్తున్నాను.

కాబట్టి నరసింహస్వామి ముందు చెప్పేస్తున్నాను. పిల్లి నిజం, లారీ నిజం, అత్త తలుపు దాటి రావడం నిజం. ఆ దుబాయి ప్రయాణం ఒక్కటే కల్పించాను. నేను ఇప్పటిదాకా బిజినెస్ క్లాసు ఎక్కలేదు. ఎక్కేటప్పుడు తెర పక్కకు జరిగితే తొంగిచూసి, వెనక్కి నడిచి నా సీట్లో కూర్చున్నవాణ్ణి. ఆ ఒక్క ముక్క వరకు ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను. చేప సంగతి ఇందులోకి రాదు, అది వేరే ఒట్టు.