మెరక మీదికి బస్సు

పిన్ని పోయిందని ఫోను వచ్చేసరికి నేను గుడివాడలో, బస్సు బాడీలు కట్టే షెడ్డులో ఉన్నాను. ఆవిడ కొన్న పాత బస్సుకు సీట్లు విప్పుతున్నారు. కిటికీ అద్దాలు పగలకుండా దగ్గరుండి చూసుకోమని నన్ను పంపింది. అవనిగడ్డ ఆసుపత్రిలో గుండె ఆగిపోయిందట. "పని ఆపేయమంటారా అండీ?" అని మేస్త్రీ మెల్లగా అడిగాడు. "వద్దండీ, కానివ్వండి" అన్నాను. ఏడుస్తూనే అన్నాను గానీ తెలిసే అన్నాను.

పిన్ని ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసింది. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక వాళ్ళన్నయ్య, అంటే మా పెద్ద మావయ్య ఇంట్లో వెనక గదిలో ఉండేది. ఆ గదికి లోపలి గొళ్ళెం లేదు. పెట్టించమంటే, ఇంట్లోవాళ్ళ మధ్య గొళ్ళెం దేనికన్నారు. ఆ మాట తప్పని ఇప్పటికీ అక్కడ ఎవరికీ అనిపించదు, నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దివిసీమలో పంట కాల్వ పక్కన ఎనిమిది సెంట్లు కొని, అందులో పాత బస్సు పెట్టి ఇల్లు చేసుకుంటానని ఆవిడ ఓ రోజు అన్నం తింటూ చెప్పింది. మావయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఊళ్ళో ఏమనుకుంటారే? చెల్లెల్ని తీసుకెళ్ళి బస్సులో పడేశాడంటారు."

"ఎవరూ పడెయ్యట్లేదన్నయ్యా. నేనే ఎక్కుతున్నాను."

"బస్సుకి ఈశాన్యం ఎక్కడుంటుందే?"

"ఎటు కావాలంటే అటు తిప్పి పెట్టుకుందాం. నీ ఇంటికి ఆ వీలుందా?" అని పెరుగు వడ్డించుకుంది.

మా వైపు ఎవరు స్థలం కొన్నా ముందు మెరక చేయిస్తారు. నీళ్ళంటే మాకున్న భయం అలాంటిది. పిన్ని కూడా అందరిలాగే రోడ్డుకన్నా నడుమెత్తు మట్టి తోలించి, చుట్టూ రాళ్ళ కట్టు కట్టించి, ముందు మూడు మెట్లు పెట్టించింది. మెట్లు! బస్సు మెట్లెక్కదన్న సంగతి ఆవిడకూ తట్టలేదు, నాకూ తట్టలేదు, కట్టిన తాపీమేస్త్రీకీ తట్టలేదు. ఇల్లంటే మాకు మెట్లే. తట్టిన రోజున మూడో మెట్టు మీద కూర్చుని కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. "ముప్పై ఏళ్ళు అందులో తిరిగినదాన్ని, దానికి దారి కావాలని మర్చిపోయానే!" మర్నాడే మెట్లు పగలగొట్టించి, రాళ్ళు, కంకర పోయించి, బస్సు ఎక్కేలా వాలుగా దారి చేయించింది.

ఆ తర్వాత ఏదీ కొలవకుండా వదల్లేదు. అడ్డొచ్చే కరెంటు తీగ ఎత్తు గెడకర్రతో కొలిచింది. బస్సంత పొడుగు తాడు తెచ్చి ఒక కొస నాకిచ్చింది. తను బస్సు ముందు భాగం, నేను వెనక భాగం. తాడు బిగించి పట్టుకుని రోడ్డు మీంచి స్థలంలోకి మలుపు తిరగాలి. ఆవిడ ఠీవిగా తిరిగింది. నేను అడ్డదారిన వెళ్ళి మోకాళ్ళ లోతు కాల్వలో పడ్డాను. చెయ్యి అందిస్తుందనుకుంటే, నేను పడ్డచోట పుల్ల గుచ్చింది. "నువ్వు పడ్డావంటే బస్సూ పడుతుంది. ఇక్కడ కాల్వలో ఇంకో రెండు తూములు వేసి, పైన దారి వెడల్పు చేయించాలి." చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ తిట్టుకున్నాను. ఇప్పుడు ఆ తూముల మీంచి నడిచినప్పుడల్లా దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

అన్నీ అయ్యాక, తెమ్మంటే బస్సు తేలేదు. "ఒక వానాకాలం పోనీ. నేల కూర్చున్నాకే మనం కూర్చోవాలి" అంది. వానలన్నాళ్ళూ గొడుగేసుకుని వెళ్ళి గునపం దించి చూసి వచ్చేది. కుంగినచోటల్లా మళ్ళీ మట్టి పోయించింది. వానలు ఆగాయి. నేల గట్టిపడింది. ఆవిడ లేదు.

పెద్దకర్మ రోజున మావయ్య నన్ను పక్కకు పిలిచాడు. స్థలం, బస్సు పిన్ని నా పేర రాసిందని ఆయనకు తెలుసు. "బస్సు ఎవరికన్నా ఇచ్చెయ్యవే. ఆ మెరక మీద కొబ్బరి మొక్కలు వేద్దాం. ఎవరుంటారందులో?"

"నేనుంటాను మావయ్యా" అన్నాను. బందరులో టీచరుగా అద్దె గదిలో ఉంటున్నదాన్ని, నలభై ఏడేళ్ళు వచ్చాయి. ఇంట్లో అందరూ తలోమాటా అన్నారు. పిన్నిని అన్నవే. అవన్నీ విని, పులిహోర ఇంకొంచెం వేయమని అడిగి మరీ తిన్నాను.

కిందటి వారం బస్సు వచ్చింది. మలుపు దగ్గర డ్రైవరు ఆపి దిగాడు. మెరక వంక చూసి, "కొత్త మట్టిలా ఉందండీ. దిగబడిందంటే క్రేను తెచ్చినా లేవదు" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు మావయ్య ముందుకొచ్చాడు. చూసి పోదామని వచ్చాడట. చెప్పులు విడిచి, మెరకెక్కి, మడమతో నాలుగుచోట్ల గట్టిగా తొక్కాడు. "మా చెల్లెలు వానాకాలమంతా ఆగింది దీని కోసం. తీసుకురావయ్యా, ఏమీ కాదు" అన్నాడు.

బస్సు ఎక్కింది. చక్రాలు వేలెడైనా దిగలేదు. "అయినా ఇది ఇల్లు కాదే" అని నాతో అంటూనే ఆయన లోపలికి వెళ్ళాడు. సీట్లన్నీ తీసేశాం కదా, కూర్చోవడానికి చోటు లేదు. పైనున్న కడ్డీ పట్టుకుని, ఆగి ఉన్న బస్సులో, పంట కాల్వ వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.