పూడికమట్టిలో దొరికిన తామరగింజలు

1983 వేసవిలో నన్ను వరంగల్‌లోని ప్రభుత్వ నర్సరీకి హార్టికల్చర్ ఆఫీసర్‌గా వేశారు. మామిడి అంట్లు, నిమ్మ మొక్కలు పెంచి రైతులకు అందించడం మా పని. తామరతో మాకు సంబంధం లేదు.

ఆ ఏడాది ఖిలా వరంగల్ దగ్గరి ఒక కుంట అడుగంటా ఎండిపోయింది. అందులోని తామర దుంపలు కొన్ని కుళ్లిపోయాయి, మిగిలినవి పందులు తవ్వి తినేశాయి. ఆ కుంట మీదే బతికే బుచ్చమ్మ ఒకరోజు నర్సరీకి వచ్చింది. పూలు, కూరకు దుంపలు, తినడానికి గింజలు అమ్మేది. ఎండబెట్టిన రేకులను ఒక యునానీ హకీం మందులకు కొనేవారు. కొంగు విప్పి గుప్పెడు నల్లని గింజలు నా బల్ల మీద పోసింది.

"పూడిక తీస్తాంటే ఎల్లినయి సారూ. అంత లోతు తవ్వంగ మా అత్త గూడ సూడలేదట. ఇవి మొలుస్తయా? మొలవకుంటే మరిపెడల మా చెల్లె కాడికి కూలికి పోత."

అవి ఎన్నేళ్లుగా మట్టిలో ఉన్నాయో ఎవరికీ తెలియదు. మా పై అధికారి చూసి, వాటి మీద ఆశ పెట్టుకోవద్దని, దుంపలు వేరే చోటు నుంచి తెప్పించుకోమని అన్నారు.

తామరగింజ పెంకు రాయిలాంటిది, నీటిని లోపలికి పోనివ్వదు. అందుకని ఒక కొనను పప్పుకు గాయం కాకుండా ఆకురాయితో అరగదీయాలి. నేను అదే చేస్తుండగా చెయ్యి జారి ఒక గింజ రెండుగా చీలింది. తెల్లని పప్పు మధ్య మడతపడి ఉన్న మొలక పచ్చగా ఉంది. చాలా గింజల్లో మొలక వెలుతురు తగిలాకే పచ్చబడుతుంది. ఇది చీకట్లో, మట్టి అడుగున, ఆకుపచ్చగానే కాచుకుని ఉంది. ఈ సంగతి పుస్తకంలో చదివినవాణ్ణే అయినా ఆకురాయి పక్కన పెట్టి చూస్తూ ఉండిపోయాను.

"ఓయమ్మా! పానం తోటే ఉన్నది గద సారూ!" అంది బుచ్చమ్మ.

మిగతావి గాజు సీసాల్లో నానేశాం. ఆమె రోజూ వచ్చి నీళ్లు మార్చేది. వారం తిరగకముందే చాలావరకు మొలిచాయి. సన్నని కాడల చివర చిన్న ఆకులు తేలాక బంకమట్టి పోసిన తొట్లలోకి మార్చాం.

తొలకరి పడగానే కుంటలో వేద్దామని పట్టుబట్టింది. నేను ఒప్పుకోలేదు. లేత ఆకు నీటి మీద తేలాలి, నీరు ఒక్కసారిగా పెరిగితే మునిగి కుళ్లిపోతుంది. అలిగి రెండు రోజులు రాలేదు. మూడో రోజు పెద్ద వానకు కుంట నిండిపోయింది. తడిసిన బట్టలతోనే వచ్చి తొట్లలో ఆకులన్నీ చూసుకుంది.

"మంచిగైంది సారూ," అంది.

నీటిపైకి లేచి నిలబడే ఆకులు వచ్చాకే, లోతు తక్కువున్న గట్టు వెంబడి నాటాం.

మరుసటి ఏడు ఒక ఉదయం కబురు పంపింది. నడుముల్లోతు నీళ్లలో నిలబడి ఉంది. ఎదురుగా గులాబిరంగు పువ్వు. ఏ కాలం నాటిదో ఎవరికీ తెలియని గింజ అది, ఆ పూట ఎండలో విచ్చుకుంటోంది.

"కోయబుద్ధయితలేదు సారూ," అంది. మర్నాటి నుంచి కోసి అమ్ముకుంది. మరిపెడ వెళ్లలేదు.

విత్తనం బతికుందో లేదో దాని వయసును బట్టి, రూపాన్ని బట్టి చెప్పలేం. మొలక పరీక్షే చెబుతుంది. ఆ తరువాత నా సర్వీసులో ఏ పాత విత్తనాన్నీ పరీక్షించకుండా పారేయనివ్వలేదు.