డాలు మీదకి ఎక్కని బండి

ఈ పరాయి దేశంలో, టకానినిలో సొంతిల్లు కట్టుకున్నాక మా ఆయనకి వంశచిహ్నం పిచ్చి పట్టింది. ఆఫీసులో పనిచేసే ఓ తెల్లాయన ఇంట్లో గోడ మీద డాలు, దాని మీద డేగ చూసి వచ్చారు. "మనకీ ఒకటుండాలి. మనమెవరమో పిల్లకి తెలియాలి కదా" అన్నారు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది వ్యవహారం. మా ఆయన వాళ్ల తాతగారు సాకింది రెండు గేదెల్ని. డాలు ఎక్కింది మాత్రం సింహం.

బొమ్మ మా అమ్మాయి కంప్యూటర్లో గీసింది. డాలుని నాలుగు గళ్లు చేసింది. ధైర్యానికి సింహం, వాళ్ల ఊరికి వరికంకి, ఆయన చదువుకి తెరిచిన పుస్తకం. కింద రిబ్బను మీద ఆయన ఇంటిపేరు. నా ఇంటిపేరు పెళ్లిపీటల మీదే పోయింది, ఇక దాని ఊసెందుకు. నాలుగో గడి ఖాళీగా ఉంటే, "అమ్మా, ఇది నువ్వు చూజ్ చెయ్" అంది అమ్మాయి.

ఫోర్క్‌లిఫ్ట్ అన్నాను, ఆలోచించకుండానే.

ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయన డిగ్రీ ఇక్కడ చెల్లలేదు. ఆయన మళ్లీ కాలేజీలో చేరితే నేను పాపటోయిటోయిలో ఒక గోడౌన్లో చేరాను. సైకిలు తొక్కడం కూడా రానిదాన్ని, లైసెన్సు తెచ్చుకుని, సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపాను. ఆయన చదువు అయ్యేదాకా మేం తిన్నది ఆ బండి పెట్టిన తిండే. సాయంత్రం నేను రాగానే అమ్మాయి నా నారింజ రంగు డ్యూటీ జాకెట్ తొడుక్కుని, రివర్సులో వచ్చే ఆ బండిలా బీప్ బీప్ అంటూ హాలంతా వెనక్కి నడిచేది.

"డాలు మీద ఫోర్క్‌లిఫ్టా? నలుగురూ నవ్విపోతారు" అన్నారాయన. నాలుగో గడిలో ఈ దేశపు గుర్తని ఫెర్న్ ఆకు వచ్చింది. ఆ ఆకు మాకేం చేసిపెట్టిందో నాకిప్పటికీ తెలీదు.

గృహప్రవేశం నాడు గడపకి పసుపు రాసిందీ, పాలు పొంగించిందీ నేనే. భోజనాలయ్యాక చుట్టాలంతా డాలు ముందు చేరారు. ఆయన ఒక్కో గడికీ అర్థం చెబుతున్నారు. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి, రోటోటూనా నుంచి వచ్చిన అంకుల్ ఒకాయన ఆపారు.

"మరి మీరు చదువుకుంటున్నప్పుడు ఇల్లెలా గడిచిందండీ?"

"ఏదో, ఆ దేవుడే నడిపించాడు" అన్నారు మా ఆయన.

కాఫీ ట్రే పట్టుకుని అక్కడే ఉన్నాను. ఒళ్లు మండిపోయింది.

"దేవుడికి ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్సు ఎవరిచ్చారండీ?" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వేశారు. "మా ఆవిడకి జోకులెక్కువ" అన్నారు. అందరూ నవ్వారు. సొమ్మొకడిది, సోకొకడిది. అమ్మాయి వైపు చూశాను. అదైనా ఒక్క మాట అంటుందని ఆశ.

"అమ్మా, ప్లీజ్, అందరూ ఉన్నారు" అంది మెల్లగా. నా చేతిలో ట్రే తీసుకుని కప్పులు పంచడం మొదలుపెట్టింది. ఆ జాకెట్ తొడుక్కుని తిరిగిన పిల్లే.