వినకుండానే చెరిపేసిన పాట

ఈ పొద్దున నేను మా అత్త గొంతును నా ఫోన్లోంచి చెరిపేశాను. తెలియక చేశానని రాయబోయి ఆగిపోయాను. తెలుసుకోవాలంటే ఒక్కసారి నొక్కి వింటే సరిపోయేది. అంత తీరిక నాకు లేదనుకున్నాను.

అత్త అంటే నా భార్యకు చిన్నమ్మ. తల్లి పోయాక నా భార్యను పెంచింది ఆమే. ఏటూరునాగారం దారిలో ఒక ఊళ్లో ఉంటుంది. నాట్ల కూలీకి వెళ్లే ఆడవాళ్ల ముఠాలో పాట చెప్పేది ఆమే. చెప్పడం అంటే, బురదలో వంగి నారు పెడుతూ ఆమె ఒక్కతే ఒక వరుస ఎత్తుకుంటుంది. పక్కనున్న వాళ్లంతా ఆ వరుస చివరి మాటల్ని పట్టుకొని తిరిగి అంటారు. వాళ్లు అనేలోపు ఆమె తరవాతి వరుస సిద్ధం చేసుకుంటుంది. చెప్పేది ఒకరు, అనేవాళ్లు మిగతా అందరూ. ఈ ఏడు ఆమె గొంతులో గడ్డ లేచింది. ప్రాణం నిలవాలంటే స్వరపేటిక తీసేయాలని దవాఖానలో చెప్పారు. తరవాత మాట ఉండదు, పాట అసలే ఉండదు. ఆపరేషన్ రేపు.

నాకు హన్మకొండలో విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. వానాకాలం వచ్చిందంటే రైతులు షట్టర్ ఎత్తకముందే మెట్ల మీద కూర్చుని ఉంటారు. అందుకని ఇంట్లో పొద్దున అంతా ఉరుకులే. నల్లా వచ్చినప్పుడు డ్రమ్ములు నింపాలి, పిల్లల్ని బడి ఆటో ఎక్కించాలి, స్నానం, దీపం, టిఫిన్. ఈ ఉరుకుల మధ్యనే కొన్నేళ్లుగా నేనొక అలవాటు చేసుకున్నాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని రోజుకొక కొత్త పాట వెతకడం. నాకు భాష తెలియని పాటలు, పేరు వినని ఊళ్ల పాటలు, ఎడారుల్లో పాడేవి, పడవల మీద పాడేవి. మొదలు విని నచ్చకపోతే వెంటనే పక్కకు తోసి ఇంకోటి. నచ్చినదాన్ని దింపుకొని స్నేహితుల గ్రూపులో పెట్టేవాణ్ణి. 'ఎక్కడ పట్టినవే దీన్ని' అని వాళ్లు అంటే ఆ రోజంతా దుకాణంలో ఛాతీ విరుచుకొని తిరిగేవాణ్ణి. నాకు చెవి ఉందని నా నమ్మకం.

ఆ చెవి కోసం ఇంట్లో అందరి నోళ్లూ మూయించాను. ఆ కాసేపు నాతో ఎవరూ మాట్లాడకూడదు. నా భార్య నల్లా వచ్చిందని చెయ్యి తిప్పి చూపేది, బండి తాళాలు ఊపి చూపేది. పిల్లలు కూడా సైగలు నేర్చుకున్నారు.

పోయిన ఆదివారం అత్త మా ఇంట్లో ఉంది. దవాఖానలో చేర్చడానికి ముందు కొన్నాళ్లు తెచ్చి పెట్టుకున్నాం. పొద్దున లేచి వేడినీళ్లు తాగిన కాసేపే ఆమె గొంతు పలికేది. పొద్దెక్కితే గరగరమని మూసుకుపోయేది. ఆ వేళ నా భార్య వచ్చి నా ముందు చెయ్యి చాపింది. నేను ఒక చెవిలోది తీశాను.

"నీ ఫోన్ ఇయ్యి జర. చిన్నమ్మ పాడుతాంది. నా ఫోన్ల మైకు ఖరాబైంది గద."

"ఇప్పుడేనా?"

"పొద్దెక్కితె మల్ల పాడలేదు. నువ్వు గూడ రా, కూసో."

ఇచ్చాను. కానీ కూర్చోలేదు. సగంలో ఆగిపోయిన నా పాట గుర్తుకొస్తుంటే వరండాలో అటూ ఇటూ తిరిగాను. లోపల ఫ్యాను, బయట ఆటోల మోత రికార్డింగులో పడకూడదని ఆమె ఫ్యాను ఆపి తలుపు దగ్గరగా వేసింది. ఆ తలుపు వెనక పాట సాగుతూనే ఉంది, నాకు మాటలు అందలేదు. నేను అందుకోవాలనీ చూడలేదు. ఎప్పుడు ఐపోతుందా అని మాత్రం చూశాను. ఫోన్ తిరిగి ఇస్తూ ఆమె అంది.

"మంచిగొచ్చింది. మొత్తం పాడింది, ఆగకుంట. నా ఫోనుకు పంపు, మర్చిపోకు."

పంపుతానన్నాను. మర్నాడు అడిగితే రాత్రికి అన్నాను. అత్తను చేర్చిన రోజు అడిగితే, 'ఏడికి పోతది, నా దాంట్లనే ఉన్నది గద' అన్నాను.

ఈ పొద్దున ఇంట్లో ఎవరూ లేరు. నా భార్య దవాఖానలో ఉంది, పిల్లలు మా చెల్లెలి దగ్గర. నిజానికి నాకు ఎన్నడూ లేనంత నిశ్శబ్దం దొరికింది. ఏదో దీవి నుంచి వచ్చిన ఆడవాళ్ల పాటల కట్ట ఒకటి కనిపించింది. గుంపుగా పాడుతున్నారు, ఒకామె ముందు ఎత్తుకుంటే మిగతా వాళ్లు అందుకుంటున్నారు. చాలా బాగుంది. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే సిగ్గేస్తోంది. దాన్ని దింపుకోబోతే ఫోన్లో చోటు లేదంది. దుకాణం నుంచి పనివాడు రెండోసారి ఫోన్ చేశాడు, రైతులు గొడవ చేస్తున్నారని. గబగబా ఫైళ్లు తెరిచాను. పేరు లేకుండా తేదీలతో కొన్ని రికార్డింగులు కనిపించాయి. కంపెనీ వాళ్లతో మాట్లాడినవి, పాత ఫోన్ కాల్స్ అనుకొని అన్నిటినీ ఒక్కసారే పట్టి తీసేశాను. అయినా చోటు చాలలేదు. చెత్తబుట్టను కూడా ఖాళీ చేశాను. పాటలు దిగాయి. వాటిని వింటూనే బండి మీద దుకాణానికి వెళ్లాను.

మధ్యాహ్నం నా భార్య వార్డులో ఎవరిదో ఫోన్ అడిగి తీసుకొని నాకు చేసింది.

"ముఠా అక్కలు వచ్చిండ్రు ఊరి నుంచి. నాట్లు ఇడిసిపెట్టి వచ్చిండ్రయ్యా. చిన్నమ్మ పాట వినిపియ్యమంటాండ్రు. ఇప్పుడన్న పంపు."

వెతికాను. అప్పుడు అర్థమైంది. కౌంటర్ ముందు ఒక రైతు పత్తి మందు గురించి అడుగుతున్నాడు. ఆయన్ను పనివాడికి వదిలేసి మెట్లు దిగాను.

చౌరస్తాలో ఒక మొబైల్ దుకాణానికి పరుగెత్తాను. అతను ఫోన్‌ను తన కంప్యూటర్‌కు తగిలించి చాలాసేపు చూశాడు. "బుట్ట గూడ ఖాళీ చేసి, మీదికెళ్లి కొత్తయి ఎక్కించినవ్ గదనే. ఇగ రాదు," అన్నాడు. దవాఖానకు వెళ్లేదాకా ఒక అబద్ధం కోసం వెతుక్కున్నాను. ఫోన్ పాడైందని చెప్పొచ్చు. పిల్లలు నొక్కారని కూడా చెప్పొచ్చు. పిల్లల మీదికి తోయాలనే ఆలోచన వచ్చింది. రాలేదని చెప్పను.

వార్డులో అత్త గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. మంచం చుట్టూ ముగ్గురు ఆడవాళ్లు, కాళ్ల పగుళ్లలో ఇంకా మడి బురద. నన్ను చూడగానే వాళ్లలో పెద్దావిడ నవ్వింది.

"వచ్చిండమ్మా పాటల అల్లుడు. చెవుల్ల వైర్లు లేకుంట ఇయ్యాల్లనే చూస్తాన."

నా భార్య చెయ్యి చాపింది, ఆదివారం చాపినట్టే. నేను ఫోన్ ఇవ్వలేదు. చెప్పేశాను. ఏం చేశానో, ఎందుకు చేశానో, అన్నీ. ఆమె అరవలేదు. చాపిన చెయ్యిని వెనక్కి తీసుకొని చీర కొంగులో పెట్టుకుంది.

"వారం దినాలు అడిగిన," అంది, అంతే.

పెద్దావిడే మళ్లీ మాట్లాడింది. "సరే, పోయింది. మాకు చెప్పు, ఏం పాట పాడింది? ఏడ మొదలు పెట్టింది? మేం గుర్తు చేసుకుంటం గద."

నాకు తెలియదు. ఏ పాటో తెలియదు. మా ఇంట్లో, నా ఫోన్లో, నాకు పది అడుగుల దూరంలో పాడిన పాట.

"నేను వినలేదు," అన్నాను.

"ఒక్కపారి గూడ?"

"ఒక్కపారి గూడ వినలేదు."

ముగ్గురిలో చిన్నామె చేతిలోని సంతరా పండు వలవడం ఆపి నన్ను చూసింది. "మరి పొద్దంత ఏమింటవ్ బావా నువ్వు?" అంది. అది వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది.

అత్త ముఖం గోడవైపు తిప్పుకుంది. నేను మంచం పక్కన కింద కూర్చుని, ఇంకొకసారి పాడమని అడగడానికి కూడా నోరు రాక, ఆమె పాదాల దగ్గర దుప్పటి అంచు పట్టుకున్నాను. ఆమె పాదం పక్కకు జరుపుకుంది. అదీ న్యాయమే.

తరవాత ఆమె ఇటు తిరిగింది. నా కోసం కాదు. నాట్లు వదిలి వచ్చిన వాళ్ల కోసం. గ్లాసులో నీళ్లు తాగి, గరగరమనే గొంతుతోనే మొదటి వరుస ఎత్తుకుంది.

"నారుమడిల నేను నిలబడ్డ గానీ, నా నీడ నాకంటె ముందె అలిసిందే."

ముగ్గురూ ఆలోచించకుండానే అందుకున్నారు. "ముందె అలిసిందే అక్కా, ముందె అలిసిందే."

నా భార్య నా చేతిలోంచి ఫోన్ లాక్కొని రికార్డింగ్ నొక్కింది. రెండో వరుసకు అత్త నోరు తెరిచింది, శబ్దం రాలేదు. పెదవులు మాత్రం కదిలాయి. ఆడవాళ్లు ఆ పెదవులనే చూస్తూ, ఆమె ముగించే చోటు కనిపెట్టి చివరి మాటలు అందుకున్నారు. మూడోది కూడా అంతే. నాలుగోది కూడా. నర్సు వచ్చి, "గొంతుకు రెస్టు అని చెప్పినం గదా, ఏందమ్మా ఇది," అని కసిరేదాకా ఆ పాట అలాగే నడిచింది. ఆ రికార్డింగులో ఇప్పుడున్నవి వరుసల తోకలే. తలలు లేవు. వాళ్ల మాటకీ మాటకీ మధ్య ఫ్యాను చప్పుడు, పక్క మంచం మీద ఎవరిదో దగ్గు.

సాయంత్రం ఆ ముగ్గురినీ బస్సు ఎక్కించమని నా భార్య చెప్పింది. నేను దుకాణం ట్రాలీ ఆటో తెచ్చి, ఊరిదాకా నేనే దింపుతానన్నాను. ఆమె నా ఫోన్ తన దగ్గరే పెట్టుకుంది. నేను దుకాణం ఫోన్ తీసుకున్నాను.

దారిలో ఆ వరుసల తలలు ఏమిటని అడిగాను. ముగ్గురూ నవ్వారు.

"మేం అనేటోళ్లం అల్లుడా. చెప్పేటిది ఆమె. ఆమె చెప్తె నోట్లకు వస్తది, చెప్పకపోతె రాదు."

"దవాఖానల 'గట్టు మీద ఏడ్సిందే' అన్నరు గద. ఎవరు ఏడ్సింది?"

"పాలకేడ్సే బిడ్డ," అంది చిన్నామె.

"బిడ్డ గాదే, దూడ."

"నీ మొఖం. దూడ గట్టు మీద కూసోని ఏడుస్తదానే?"

"మరి నువ్వు ఏడుస్తలేవా?"

ములుగు దాటాక చీకటి పడుతుంటే ఆటో పక్కకు ఆపి ఇంజిన్ కట్టేశాను. ఎవరో ఒకరు చెప్తేగాని వీళ్లకు రాదు. కాబట్టి నేనే చెప్పాను. నాకు రాగం రాదు, గొంతు అంతకంటే లేదు. "పాలకేడ్సే బిడ్డ గట్టు మీద ఏడ్సిందే" అని బడిపిల్లాడిలా అప్పజెప్పాను. వాళ్లు పడీ పడీ నవ్వారు.

"గట్ల గాదు. పాలకేడ్సే బిడ్డను సద్ది గంప కాడ పెడితె, అనాలె."

"ఆ, గదే, గంప కాడ పెడితె. మల్ల చెప్పు అల్లుడా, గట్టిగ చెప్పు. మడిల అటు చివరిదాక ఇనబడాలె."

మళ్లీ చెప్పాను, గట్టిగా. అందుకున్నారు. అందుకుంటున్న ఊపులో తరవాతి తల కొంత దొరికింది, దాన్నీ నేను తప్పుగానే చెప్పాను, వాళ్లు దిద్దారు. తప్పు చెప్పిన ప్రతిసారీ తిట్టి, ఆ కోపంలోనే ఒరిజినల్ మాట బయటికి తెచ్చేవాళ్లు. అలా ఊరు వచ్చేదాకా, వచ్చాక పెద్దావిడ వాకిట్లో కూర్చుని కొంతసేపు. 'ఎవ్వరి నడగాలె' అని ముగిసే వరుస తల మాత్రం ముగ్గురికీ రాలేదు. నేను చెప్పిన ఏ తప్పుకూ అది దొరకలేదు. అది అత్త నోట్లో ఉంది, రేపటిదాకా.

దొరికిన వరుసలన్నీ నా బొంగురు గొంతుతో చెప్పి, వాళ్లు అంటుంటే రికార్డు చేసి, ఆ ఒక్క వరుస తల దొరకలేదని కూడా చెప్పి, అక్కడి నుంచే నా భార్యకు పంపాను. ఆమె విన్నట్టు నీలం గుర్తులు వచ్చాయి. కాసేపటికి జవాబు వచ్చింది. ఇద్దరూ విన్నారట, పొద్దున్నే ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోతారట, చిన్నమ్మ నిన్ను రమ్మన్నది, ఆ దొరకని వరుస చెవిలో చెప్తదట, ఆలస్యం చెయ్యకు.

పనివాడికి ఫోన్ చేసి రేపు దుకాణం తెరవొద్దని చెప్పాను. ఇంటికి వెళ్లకుండా దవాఖానకే వచ్చి, ఇప్పుడు వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాను.