ఎర్ర పట్టీ చెట్టు

కరేబియన్ దీవికి పోయి వచ్చామని తెలిసినప్పటి నుంచి కిషన్‌బాగ్‌లో మా గల్లీవాళ్లు నన్ను అడిగేది ఒక్కటే: "అక్కా, ఆడ ఏమేం చూడాలె?" జలపాతం చూడండి అంటాను. గుహ చూడండి, లోపల సున్నపురాయి పైనుంచి కారి గడ్డకట్టి వేలాడుతుంటుంది. అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కితే పగడాలూ, వాటి సందుల్లో రంగురంగుల చేపలూ కాళ్ల కిందే కనిపిస్తాయి. ఇవన్నీ చెప్పి, ఒడ్డున ఉన్న చెట్లను మాత్రం ముట్టుకోవద్దంటాను. ఎందుకని అడిగితే మా అత్తమ్మ సంగతి చెప్పాల్సి వస్తుంది.

మా మరిది అక్కడ ఒక హోటల్లో వంటవాడు. అతను పిలిస్తే నేనూ, మా ఆయనా, అత్తమ్మా బయల్దేరాం. నిజం చెప్పొద్దూ, అత్తమ్మను తీసుకుపోవడం నాకు సుతరామూ ఇష్టం లేదు. మేమిద్దరం ఉప్పూ నిప్పూ. ఆమెకు ఎక్కడ బొట్టు పెట్టిన రాయి కనిపించినా దండమే. మా ఊళ్లో పురానాపూల్ వంతెన దాటేటప్పుడు బస్సులోంచే ఎన్ని గుళ్లకు మొక్కుతుందో! జలపాతం దగ్గరా అదే తంతు. జనమంతా ఫొటోలు దిగుతుంటే ఈమె చెప్పులు విడిచి, నీళ్లు దోసిట పట్టి మా నెత్తిన చల్లింది. "గంగమ్మ తల్లి ఏడున్నా గంగమ్మనే కదనే" అంది. చుట్టూ ఉన్నవాళ్లు చూసి నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్లయింది.

మర్నాడు బీచ్‌కు పోయాం. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, మోకాలి లోతులో నిలబడితే నా కాలి మెట్టెలు నాకు కనిపించాయి. మా ఆయన ఆ నీళ్లలోంచి బయటికి రానే రానన్నాడు. అత్తమ్మ ఎండకు తాళలేక చెట్ల నీడకు పోతానంది. పోనీలే, కాసేపు నా ప్రాణానికి హాయి అనుకున్నాను.

అంతలో బీచ్ కాపలా మనిషి కేకలు పెడుతూ ఆ చెట్ల వైపు ఉరికాడు. నేనూ వెనకే పరుగెత్తాను. అత్తమ్మ ఒక చెట్టు కింద కూర్చుని ఉంది. దాని మొదలు చుట్టూ ఎర్ర రంగు పట్టీ. కాపలా మనిషి ఇంగ్లీషులో గబగబా చెప్పాడు. అది విషపు చెట్టట. దగ్గరికి రావద్దనే ఆ ఎర్ర రంగు వేశారట. పండు కొరికితే నోరూ గొంతూ కాలి, వాచి, ఊపిరాడదట. కింద చిన్న ఆపిల్ పండ్లలాంటివి పచ్చగా రాలి ఉన్నాయి. అత్తమ్మ కొంగుకు మూట ఉంది.

"అత్తమ్మా! తిన్నవా? చెప్పు, తిన్నవా?" ఆమె భుజాలు పట్టుకుని ఊపేశాను.

"ఏందే గీ లొల్లి? తినుడేంది?"

"గీ పండ్లు! నోట్ల పెట్టుకున్నవా లేదా?"

"దేవుని చెట్టు పండు ఒక్కదాన్నే ఎట్ల తింటనే? సింధూరం పూసింది కనిపిస్తలేదా? ప్రసాదమాయె. అందరికి పంచినంకనే తినాలె. గందుకే మూట గట్టిన."

ఇసుకలో కూలబడ్డాను. అమ్మయ్య! కొరకలేదు. ఒక్కటీ కొరకలేదు. కాపలా మనిషి ఆమెను అవతలికి తీసుకొచ్చి, నోరు తెరిపించి చూశాడు. నాలుక శుభ్రంగా ఉంది. మూట విప్పించి పండ్లు కర్రతో దూరంగా నెట్టాడు, చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడిగించాడు. వేళ్లు కాస్త చురచురమంటున్నాయంది, అంతే. ఆమె నమ్మే ప్రతి రాయికీ రప్పకూ నేనే దండం పెట్టాలనిపించింది.

అతని ఇంగ్లీషు ఒక్క ముక్కా అర్థంకాని అత్తమ్మ మాత్రం ఆ పండ్ల వైపే దిగులుగా చూస్తోంది. "మంచిగున్నయన్ని పారేసిండు చూడు. అన్నిట్ల పెద్దది నీకని ఏరిపెట్టిన బిడ్డా."

ఆమె తడి చేతులు రెండూ పట్టుకుని బావురుమన్నాను.

అత్తమ్మ కంగారుపడిపోయింది. "అయ్యో, పండు కోసం గింత ఏడుస్తరా పిల్లా? ఊకో. ఇంటికి పోంగనే బార్కస్ జామకాయలు తెప్పిస్త తియ్యి."