చావడి దాటిన కోడి

ఆ రోజుల్లో, అంటే కుంపిణీ దొరల సుంకం చావడులు ఇంకా దారి పొడుగునా నిలబడి ఉన్న రోజుల్లో, మనిషి తెలివిని అతను ఎన్నుకున్న దారిని బట్టి లెక్కగట్టేవారు. ఇప్పటివాళ్లకు ఆ తిప్పలు లేవు. బండి కట్టించుకుని బయలుదేరితే ఎద్దులు అలిసిన చోట ఆగడమే గాని, మూట విప్పమని అడిగేవాడు లేడు. మాకు అలా కాదు. ప్రతి చావడి దగ్గరా సామానంతా దింపి, గుమాస్తా నిద్ర లేచేదాకా కాచుకుని, ఆయన రాసిచ్చిన రహదారి చీటీ పుచ్చుకుని, మళ్లీ అంతా ఎక్కించి కదిలేసరికి ఒక పూట గడిచిపోయేది. ఏ దారిలో ఎన్ని చావడులున్నాయో వేళ్ల మీద చెప్పగలిగినవాడికి అరవదేశంలోని మా కారమడై చుట్టుపక్కల గొప్ప పేరుండేది. ఆ పేరు నాకు లేదు. ఉందని నేను అనుకునేవాణ్ణి. (అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ఆ వయసులో లేనివన్నీ ఉన్నట్టే ఉంటాయి.)

మా అక్కను మదురకు ఇవతల రెండామడల దూరంలో ఉన్న ఊరికి ఇచ్చాము. ఆమెకు ఏడో నెల వచ్చిందని, శుక్రవారం పొద్దున గాజులు తొడిగే ముహూర్తం పెట్టారని కబురొచ్చింది. మావాళ్లలో ఆ వేడుకకు తొలి గాజు పుట్టింటి నుంచి రావాలి. ముహూర్తానికి అది అందకపోతే అత్తగారు తమ ఇంటి గాజులే తొడిగించేస్తుంది. ఆ తర్వాత 'పుట్టిల్లు లేనిది' అనే మాట ఆ పిల్ల బతికినన్నాళ్లూ పడాలి. మా అమ్మానాన్నలు మా చిన్నప్పుడే పోయారు. అక్కకు పుట్టిల్లంటే నేనూ, మా ఇద్దరినీ పెంచిన అవ్వా, అంతే. అందుకని గాజుల పెట్టె, కొత్త చీరలు, పిండివంటలు సర్దుకున్నాము. వాటితోపాటు ఒక మూత బుట్టలో మా పెరటి చుక్కల పెట్టను కూడా పెట్టుకున్నాము. మన ఇంటి కోడి గుడ్డు తినాలని ఉందని అక్క కబురు చివర ఒక్క మాట చేర్చింది మరి.

మా ఎద్దు కుంటుతోందని బాడుగ బండి మాట్లాడాను. బండితో వచ్చిన ముసలాయనకు మేము పెట్టుకున్న పేరు సరి తాత. ఆయన అరవవాడు. ఏమడిగినా 'సరి' అంటాడు, మరో మాట లేదు. "తాతా, తారాపురం దావా, పొల్లాచ్చి దావా?" అని అడిగాను. "సరి" అన్నాడు. దానితో దారి ఎన్నుకునే భారం, గౌరవం రెండూ నా నెత్తినే పడ్డాయి.

"పెద్దోళ్లు పొయ్యేది తారాపురం దావనేరా. ఆ దావనే పోదాము" అంది అవ్వ.

"నీకు తెలీదులే అవ్వా. ఆ దావలో ఏడు చావడులుండాయి. పొల్లాచ్చి దావలో నాలుగే."

"నాలుగని ఎవురు చెప్పిరి?"

"అందురికీ తెలుసు."

(ఆ అందరూ ఒక్కడే. తుడియలూరులో నా పక్కన నిలబడి చల్ల తాగిన ఒక దారినపోయే మనిషి.)

చావడులు నిజంగానే నాలుగు. ఆయన అబద్ధం చెప్పలేదు. అయితే పొల్లాచ్చికి మేము చేరింది సంత రోజున. నా కన్నా ముందు టెంకాయల బండ్లు, కొబ్బరి బండ్లు, వాటి వెనక ఇంకా టెంకాయల బండ్లు. ఆ చావడి దాటేసరికి ఒకటిన్నర రోజు పోయింది. రెండో చావడిలో గుమాస్తాకు జ్వరం. పక్క ఊరి నుంచి మరో గుమాస్తా వచ్చేదాకా ఇంకో రోజు పోయింది. అవ్వ నాతో మాట్లాడటం మానేసి కోడితో మాట్లాడసాగింది. "సూడమ్మా, ఈడికి దావలన్నీ తెలుసంట" అని దానికి చెప్పేది. పళని దాటి మూడో చావడి చేరేసరికి మంగళవారం మధ్యాహ్నమైంది. ఎద్దులను ఎంత తోలినా ఇంకా రెండున్నర రోజుల దారి ఉంది. ఇక్కడ ఒక్క పూట పోయినా ముహూర్తం పోయినట్టే.

చావడి ముందు పెద్ద మీసాల బంట్రోతు ఒకడు బండికి అడ్డం నిలబడ్డాడు. అవ్వ సరిగ్గా అప్పుడే పొడుం పీల్చింది. పొడుం పీలిస్తే ఆమెకు కళ్లవెంట నీళ్లు ధారగా కారతాయి. తెల్లచీర కొంగు తల మీదకు లాక్కుని, "పోయె, అంతా పోయె. ఇంగ యాడికి పొయ్యేది" అని ముహూర్తం గురించి సణుగుతోంది. బంట్రోతు బుట్ట వైపు కర్ర చూపించి, "కూడైయిలె ఎన్న?" అని, అందులో ఏమిటని అరవంలో గద్దించాడు. నేను తడబడి, "కోడి" అన్నాను.

అతని ముఖం మారిపోయింది. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకున్నాడు. రెండడుగులు వెనక్కి వేసి, మెల్లగా, "ఎప్పో?" అని అడిగాడు. ఎప్పుడు చేరాలని అడుగుతున్నాడనుకుని శుక్రవారమని చెప్పాను. "వెళ్లిక్కిళమైయా" అని నోరు తెరిచి, మంగళవారం ఎండను ఒకసారి, మమ్మల్ని ఒకసారి చూసి, అయ్యో పాపం అన్నట్టు తలాడించాడు. పెద్ద దారి చుట్టు అనీ, ఏటి ఒడ్డున బండి జాడ పట్టుకుంటే ఒక పూట కలిసొస్తుందనీ తానే చెప్పి, అవ్వకు దణ్ణం పెట్టి దారి వదిలాడు. మూట ముట్టుకోలేదు. నా మాటలో ఏదో అధికారం ఉందని నాకు ఆ క్షణాన గట్టి నమ్మకం కలిగింది.

అరమైలు పోయాక సరి తాత వెనక్కి తిరిగాడు. ఆయన నోట సరి కాని మాట వినడం మాకు అదే మొదలు. "తంబీ, అవన్ సావు వీట్టు కోడిన్ను నెనచ్చుట్టాన్" అన్నాడు. బంట్రోతు మాది చావింటి కోడి అనుకున్నాడట. (అరవంలో కోడి అంటే కొత్త బట్ట. పెళ్లయిన ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు తెచ్చి కప్పే బట్టకూ అదే పేరు. మన కోడిని వాళ్లు కోళి అంటారు. బంట్రోతు 'ఎప్పో' అన్నది ఎప్పుడు పోయిందని. నాకు అరవం రాక కాదు, అందులోనే పుట్టి పెరిగాను. కాని భయమేస్తే నోట్లోంచి ఇంటి మాటే వస్తుంది.)

అవ్వ నా వీపు మీద ఒక్కటిచ్చింది. "శుభానికి పోతా ఉండాము. ఆ పిల్లకు సావు మాట తగిలిస్తివి కదరా" అని ఏడ్చింది. ఈసారి పొడుం వల్ల కాదు. తర్వాత బుట్ట మూత తీయించి, నా చెయ్యి పెట్ట తల మీద పెట్టించి, "ఇది గుడ్లు పెట్టే కోడి" అని మూడుసార్లు అనిపించింది. ఆ పూటకు అదే మా శాంతి.

ఏటి ఒడ్డు దారి బంట్రోతు చెప్పినట్టే బాగుంది. గురువారం మధ్యాహ్నానికే చివరి చావడి కనబడింది. "ఈసారి కోళి అని చెప్పు. నోరు తిరక్కపోతే కొక్కొరొకో అను" అని అవ్వ హెచ్చరించింది. నేను సరేనన్నాను. అయితే ఒకసారి గెలిచినవాడి బుద్ధి ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. గుమాస్తా బండి దగ్గరకు రాగానే తల వంచుకుని, గొంతు బొంగురు చేసుకుని, "కోడి" అన్నాను.

ఆయన బుట్ట వైపు వంగి, చక్కని తెలుగులో, "పెట్టా, పుంజా?" అని అడిగాడు.

అడిగినందుకు జవాబా అన్నట్టు లోపల చుక్కల పెట్ట గుడ్డు పెట్టి, గొంతెత్తి అరిచింది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. అవ్వ మాత్రం బండి దిగి, ఆయన ముఖం పరకాయించి చూసి, "నాయనా, మీ ఇంటిపేరేమి?" అంది. ఆయన చెప్పాడు. ఆయన నాయనమ్మ పుట్టిల్లు మా పక్క ఊరేనని తేలడానికి రెండు నిమిషాలు పట్టలేదు. "అట్లయితే నువ్వు నాకు మనమడివి" అని, గాజుల సంగతి, మూడో చావడి సంగతి, నా తెలివి సంగతి ఏదీ దాచకుండా చెప్పింది. ఆయన చావడి స్తంభం పట్టుకుని నవ్వాడు. నవ్వి, కట్టవలసినదంతా కట్టించుకుని, సామాను దింపనివ్వకుండా బండి పక్కనే నడుస్తూ చీటీ రాసిచ్చాడు. చీటీతోపాటు ఒక మాట కూడా ఇచ్చాడు. "అబ్బాయా, ఎప్పుడైనా మదుర దాకా పోతే ఆ చావడిలో మాత్రం ఈ మాట అనొద్దు. ఆడుండేది నా బామ్మర్ది. వాడికి కోడంటే కూరే."

శుక్రవారం పొద్దున మేము వీధి మలుపు తిరిగేసరికి దీపాలు వెలిగించేశారు. అక్క పీట మీద కూర్చుంది. అత్తగారు తమ గాజుల పళ్లెం చేతిలోకి తీసుకుంది. అక్క కళ్లు వాకిలి మీదే ఉన్నాయి. అవ్వ బండి ఆగకముందే దిగి, జనాన్ని చీల్చుకుంటూ లోపలికి నడిచి, "ఆగండమ్మా. పుట్టిల్లొచ్చె" అంది. నా జీవితంలో ఎన్నో మంచి మాటలు విన్నాను గాని అంత మంచి మాట వినలేదు. అత్తగారు పళ్లెం కింద పెట్టింది. మా గాజు అక్క చేతికెక్కింది. నేను బుట్ట పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి, ఎవరూ చూడటం లేదనుకుని ఏడ్చేశాను. వెనక నుంచి సరి తాత నా భుజం తట్టి, "సరి" అన్నాడు.

అవ్వ పోయి చాలా కాలమైంది. దొరలు చావడులు ఎత్తేశారు. ఏటా ఒకసారి నేను అక్కను చూడటానికి పోతూనే ఉన్నాను. గుమ్మంలో నా దగ్గు వినబడగానే లోపలి నుంచి, "ఏం తెస్తివిరా?" అని అడుగుతుంది. "కోడి" అంటాను. ఇద్దరం నవ్వుకుంటాము. పోయిన ఏడు కూడా అలాగే నవ్వాము. నవ్వాక ఆమె ముడతలు పడ్డ చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఆ రెండో కోడి తెచ్చేదీ నువ్వే కదరా తమ్ముడా" అంది. "దాన్ని మాత్రం పొల్లాచ్చి దావలో తీసుకురా. సంత రోజు సూసుకుని బయలుదేరు. అన్ని చావడుల్లోనూ మూట విప్పి సూపించి, నిదానంగా రా."

చావడులు ఎత్తేసిన దొరల మీద నాకు కోపం వచ్చింది ఆ ఒక్క రోజే.