పెండ్లి పత్రికలో అందరూ కీర్తిశేషులే

నా తెలివితక్కువతనం ఒప్పుకోవాలంటే, నేను తెలివిగలవాడినని ఎంత గట్టిగా నమ్మానో ముందు చెప్పాలి. జనగామలో నాది పెండ్లి పత్రికలు వేసే చిన్న ప్రెస్సు. పాత కంప్యూటర్ మొరాయిస్తుంటే దాంట్లో లినక్స్ ఎక్కించుకున్నాను. ఎక్కడెక్కడి వాళ్లో కూర్చుని రాసి, లోపలి గుట్టుతో సహా ఊరికే ఇచ్చేసిన సరంజామా అది. ఉచితంగా వచ్చింది గాని, ఉచితానుచితాలు దాంతో పాటు రాలేదు. అవి మన దగ్గర ముందే ఉండాలట.

వీడియోలు చూసి స్క్రిప్టులు రాయడం నేర్చుకున్నాను. స్క్రిప్టంటే మరేం లేదు, చేయవలసిన పనులు వరుసగా రాసిన చీటీ. కంప్యూటర్ చదువుకుంటూ చేసుకుపోతుంది. పెండ్లివారి పేర్లు ఒక ఫైల్లో కొట్టిపెడితే, నా స్క్రిప్టు వాటిని డిజైన్లో ఒదిగించి పత్రిక తయారు చేసేది. మార్పులకు సెడ్ అనే పనిముట్టు ఉంది. ఫలానా మాట తీసి ఫలానా మాట పెట్టమంటే పెడుతుంది. మా దగ్గర మిషన్ నడిపే భాయ్ దాని పేరు విన్నరోజే అన్నాడు: "సెడ్డా? సెడగొడ్తదని పేర్లనే ఉన్నది గదన్నా."

నేను నవ్వాను. ఆ నవ్వు బాకీ ఇప్పటికీ తీరుస్తూనే ఉన్నాను.

దేవరుప్పుల నుంచి ఒక కాక తన బిడ్డ పెండ్లి పత్రికల కోసం వచ్చాడు. నెల కిందటే ఆయన గుండెకు స్టెంటు వేశారు. ప్రూఫు చూసి సంతకం పెట్టి వెళ్లాడు. మర్నాడు పొద్దున ఫోను.

"తమ్మీ, మా బాపు పేరు ముందల శ్రీ అని రాసిచ్చిన. ఆయన పోయి పదేండ్లాయె. జర కీ.శే. పెట్టు."

"గంతేనా కాకా! నిమిషం పని."

నిజానికి నిమిషం కూడా పట్టలేదు. శ్రీ తీసి కీ.శే. పెట్టమని సెడ్‌కు ఒక్క వరుసలో చెప్పాను. పని చేస్తే అది మారు మాట్లాడదు. ఆ మౌనాన్ని నేను వినయం అనుకున్నాను. కాక బాపు పేరున్న చోటు మాత్రం పెద్దది చేసి చూసుకున్నాను. కీ.శే. చక్కగా కూర్చుంది. భాయ్ అచ్చు వేశాడు, కట్ట కట్టాడు, బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపేశాం. వాళ్ల మనిషి స్టాపులో దింపుకుంటాడు.

గంట తర్వాత భాయ్ మిషన్ తుడుస్తూ, మిగిలిన ఒక కార్డు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఈ పెండ్లిల బతికున్నోళ్లు ఎవరన్న ఉన్నరా?"

చూశాను. పైన "కీ.శే.రస్తు". దాని కింద "కీ.శే. వేంకటేశ్వర స్వామి వారి దివ్య ఆశీస్సులతో". బిడ్డ తల్లి "కీ.శే.మతి" అయింది. తండ్రి, అంటే గుండెజబ్బున్న మా కాక, నల్లటి అక్షరాల్లో నిక్షేపంగా కీర్తిశేషుడు. ఏ వరుసలో మార్చాలో చెప్పకపోతే సెడ్ అన్ని వరుసలూ మారుస్తుంది. నేను చెప్పలేదు. అది అడగలేదు.

"అచ్చేసేటప్పుడు చూడలేదా భాయ్?"

"నేను సిరా చూస్తన్నా. రాత నువ్వు చూడాలె."

ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తని ఒక్కో మోతకూ నా కళ్లముందు కాక ఒక్కోసారి కూలిపోతున్నాడు. భాయ్ బండి తీశాడు, నేను వెనక కూర్చున్నాను. దారి పొడుగునా ఎదురొచ్చిన ప్రతి హారనూ కాకను తీసుకొచ్చే అంబులెన్సుదే అనిపించింది. వచ్చినవి అంబులెన్సులు కావని, ఇసుక లారీలని భాయ్ చెబుతూనే ఉన్నాడు.

"పరేషాన్ గాకన్నా. కట్ట ఇంక ఇప్పి ఉండరు."

విప్పారు. ఇంటి ముందర మంచం మీద కార్డులు పరిచి ఉన్నాయి. పక్కన గిన్నెలో పసుపు కలిపి పెట్టారు. కాక ఒక కార్డు పట్టుకుని నిలబడి, రెండో చేత్తో గుండె పట్టుకున్నాడు.

"కాకా!" అని అరిచాను. బండి ఆగకముందే దిగి ఉరికాను.

"ఏంది తమ్మీ, గట్ల మొత్తుకుంటవ్? అద్దాల కోసం చూస్తున్న," అంటూ జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. కార్డు లాక్కుందామని చెయ్యి చాపేసరికి చదవడం మొదలుపెట్టేశాడు. పైనుంచి కింది దాకా, ఒక్కో వరుసా. ముఖంలో ఏమీ కదల్లేదు. ఆయన భార్య నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూస్తోంది. కాసేపటికి కాక భుజాలు కదిలాయి. నేను పట్టుకోబోయాను.

నవ్వుతున్నాడు.

"నన్ను సంపితివి, మంచిదే. దేవుడేం జేసిండు తమ్మీ?"

సంగతి తెలిశాక ఆయన భార్య కార్డులన్నీ కొంగులోకి లాగేసుకుంది. "దవాఖాన నుంచి తోల్కొచ్చి నెల గాలే! గీ రాత రాసుకొస్తవా?" అని నన్ను కడిగేసింది. ఒక్క కార్డుకూ పసుపు అంటలేదు, అదే నాకు దక్కిన ఊపిరి. మంచం అంచున కూర్చున్న ముసలమ్మ, అంటే కాక తల్లి, మెల్లగా అడిగింది.

"నా పేరు ముందల గూడ పెట్టినవా బిడ్డా?"

"పడ్డదవ్వా."

"మరి లగ్గానికి వచ్చేటోళ్లెవరు?"

సాయంత్రానికి మళ్లీ అచ్చు వేసి, ప్రతి పేరునూ భాయ్‌తో పైకి చదివించాను. కాక గుండె నిలబడింది గాని నా పరువు నిలబడలేదు. ఆయన కొత్త కట్ట కోసం తానే ప్రెస్సుకు వచ్చి, కూర్చున్న వాళ్లందరికీ కథ చెప్పాడు. బస్సులో చెప్పాడు. కథ నాకంటే ముందు ఊళ్లు తిరిగింది. నెల్లికుదురు నుంచి వచ్చినాయన "మా ఇంట్ల అందరం బతికే ఉన్నం, ముందే చెప్తున్న" అంటూ లోపల అడుగుపెట్టాడు. కాటారం నుంచి ఒకరు ఫోన్ చేసి, పేర్లు చెప్పకముందే కీ.శే.లు ఎందరో లెక్క చెప్పారు.

నేను కూడా మనిషినే. ఆ రోజు కాక ప్రెస్సులో కూర్చుని కథ చెబుతూ ఉండగానే, ప్రూఫులు తీసే చిన్న ప్రింటర్ మీద ఒకే ఒక్క కార్డు వేశాను. ఈసారి వరుస చెప్పి మరీ మార్చాను. దాన్ని కట్టలో రెండోదిగా పెట్టాను. మొదటిది దేవుడికి పోతుంది, ఆయనతో మళ్లీ పెట్టుకోదలచుకోలేదు. రెండోది ఆ ఇంటి ఆడబిడ్డకు, అంటే కాక అక్కకు ఇస్తారు.

రెండు రోజులకు కాక ఫోను.

"ఏం రాసినవ్ తమ్మీ? నా పేరు ముందల చి. పెట్టినవట! లగ్గం బిడ్డదా, నీదా అని మా అక్క పొద్దటి సంది ఒక్కతీరుగ నవ్వుతున్నది."

"సంపినందుకు తప్పు దిద్దుకున్న కాకా. నూరేండ్లు బతుకు."

అటువైపు వాళ్ల అక్క నవ్వు వినిపించింది.

"ఇంకోపారి బస్సుల నా ముచ్చట చెప్తివంటే మాత్రం చి.ల.సౌ. పెడ్త," అని ఫోన్ పెట్టేశాను.